దిమ్మ కింద సైగ

ఇనుప పట్టీ వీపు మీద పడ్డప్పుడు బిర్ఖాంగ్ గట్టిగానే అరిచాడు. ఆ అరుపు పక్కనే ఉన్న హుసేనమ్మకు కూడా వినపడలేదు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద ఉన్న ఆ పత్తి మిల్లులో అంతే. పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిషన్లు వరసగా తిరగడం మొదలైతే చెవిలో నోరు పెట్టి అరిచినా ఊపిరి తగులుతుంది గానీ మాట తగలదు. అందుకే షెడ్డులో ఎవరి పేరుకు వాళ్ళకో సైగ ఉంది. ముక్కు దగ్గర చిటికె పడితే నశ్యం తిక్కయ్య, దూదిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సు నడిపేది ఆయనే. నుదుటి మీద బొటనవేలు గుండ్రంగా తిప్పితే రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకునే హుసేనమ్మ. పైపెదవి పక్కన మీసం మెలేస్తే సూపర్‌వైజరు మధుసూదన్. ముందు పేరు సైగ, తర్వాత పని సైగ. పిలిపించుకున్నవాడు అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే విన్నానని అర్థం. ఆ చెయ్యి నెత్తి మీదికి పోనిదే ఏ మిషనూ కదలకూడదు. సావుకారు వెంకటకృష్ణయ్య వాళ్ళ తాత నాటి కట్టు అది.

బిర్ఖాంగ్ పేరుకున్న సైగ ఏమిటంటే, రెండు చూపుడువేళ్ళతో కళ్ళ కొసల్ని చెవులవైపు లాగడం.

అది పెట్టింది మధుసూదన్. బిర్ఖాంగ్ అస్సాంలో ఒక పల్లె నుంచి, బోడో తెగవాళ్ళ ఇంట్లోంచి, మూడు రైళ్ళు మారి వచ్చిన మనిషి. అవన్నీ అడిగి తెలుసుకునే ఓపిక మధుసూదన్‌కు లేదు. వచ్చిన పూటే, "ఏరా చైనా, కండ్లు తెరిసి పని సేస్తావా, మూసుకొని సేస్తావా?" అని వేళ్ళతో కళ్ళు లాగి చూపించాడు. షెడ్డంతా నవ్వింది. మర్నాటికి అదే పేరైపోయింది. నవ్వనివాళ్ళు కూడా అదే సైగ చేసేవాళ్ళు. పిలవడానికి ఇంకోటి లేదు మరి.

దసరా నాటి నుంచి బిర్ఖాంగ్ దానికే పలికాడు. ఈ ఉదయం మిషన్లు వెయ్యకముందు, అందరూ టీ తాగుతుండగా, నోరు తెరిచాడు. తెలుగు ఈ మిల్లులోనే నేర్చుకున్నాడు కాబట్టి యాస కూడా ఇక్కడిదే.

"మధన్నా, ఆ సైగకు ఇంగ నేను పలకను. నాకు వేరేది పెట్టండి."

మధుసూదన్ గ్లాసు కింద పెట్టాడు. "అబ్బో! చైనావానికి రోసమొచ్చిందప్పా. నీ మొగానికి ఇంగేం సైగ పెట్టల్ల రా? కుక్క కాలు కొరుక్కతిన్నట్ల పెట్టల్లా?"

నవ్వేవాళ్ళు నవ్వారు. హుసేనమ్మ మాత్రం లేచి వచ్చి బిర్ఖాంగ్ మెడలో ఉన్న పచ్చ కండువా కొస పట్టుకుంది. అతని అమ్మ సొంత మగ్గం మీద నేసిన అరొనాయ్ అది. దూది ధూళి పోకుండా ముక్కుకు కట్టుకునేవాడు, పని అయిపోగానే దులిపి భుజాన వేసుకునేవాడు. హుసేనమ్మది మాధవరం, అత్తగారిల్లు ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో. బట్ట కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు.

"అంచు సూడండే, ఎంత గట్టిగా నేసినారో. మావోళ్ళకే రాదు ఇట్ల," అని, రొమ్ము మీద నుంచి చేతిని భుజం వెనక్కి విసిరింది, కండువా వేసుకున్నట్టు. "ఈ పొద్దు నుంచి ఈయప్ప సైగ ఇది."

"నువ్వెవరే పేర్లు పెట్టేకి? తొట్లెలో ఏసినావా వాన్ని?" అన్నాడు మధుసూదన్.

"నువ్వేసినావా మరి? నువ్వు పెడితే సెల్లుతాది, నేను పెడితే సెల్లదా?"

ఈసారి నవ్వు మధుసూదన్ మీద పడింది. ఆ నవ్వుకు అతని చెవులు ఎర్రబడ్డాయి.

తిక్కయ్య నవ్వలేదు. కౌతాళం పక్క పల్లె ఆయనది, ప్రెస్సు దగ్గరే జుట్టు నెరిసింది. బిర్ఖాంగ్‌ను పక్కకు లాక్కుపోయాడు.

"సైగకు పలకనంటే యాడన్నా సరేనప్పా. ప్రెస్సు కాడ మాత్రం వద్దు. ఆడ పలకలేదంటే సచ్చేది నువ్వే."

"తెలుసు తిక్కన్నా."

"తెలిసే సేస్తాండావా?"

బిర్ఖాంగ్ కండువా ముక్కుకు కట్టుకుని పనిలోకి పోయాడు.

మిషన్లు మొదలైన కాసేపటికే మధుసూదన్ షెడ్డు మధ్యలో నిలబడి వేళ్ళతో కళ్ళు లాగాడు. బిర్ఖాంగ్ చూశాడు. చూసి, చేతిలో ఉన్న దూది కుప్పను పక్కకు జరిపాడు. చెయ్యి నెత్తి మీదికి పోలేదు. మధుసూదన్ మళ్ళీ లాగాడు. బిర్ఖాంగ్ వీపు తిప్పాడు.

ఆ వీపు మీదే పడింది ఇనుప పట్టీ. బేళ్ళకు చుట్టే పట్టీ అది, అంచు కత్తిలా ఉంటుంది. చొక్కా చిరిగి తడి తగిలింది. రెండో దెబ్బ గాల్లో ఉండగానే బిర్ఖాంగ్ తిరిగి పట్టీని వట్టి చేత్తో అందుకున్నాడు. అరచెయ్యి తెగింది. అయినా వదల్లేదు, మణికట్టుకు ఒక చుట్టు చుట్టి గుంజాడు. మధుసూదన్ బోర్లా వచ్చి తెల్లటి దూదిలో ముఖం పెట్టి పడ్డాడు. బిర్ఖాంగ్ అతని మెడ మీద మోకాలు పెట్టి, తెగిన చేతిని అతని ముఖం ముందుకు తెచ్చి, హుసేనమ్మ చూపించినట్టే భుజం మీదికి విసిరాడు. నెత్తురు చుక్కలు మీసాల మీద పడ్డాయి.

వదిలేసి లేచాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

లేచిన మధుసూదన్ ముఖం తుడుచుకోలేదు. ప్రెస్సు వైపు చెయ్యి చూపించాడు, పెట్టెలోకి దిగమని. అది బిర్ఖాంగ్ రోజూ చేసే పనే కాబట్టి కాదనడానికి లేదు.

ప్రెస్సంటే మనిషి లోతున్న ఇనుప పెట్టె. పైనుంచి దూది పడుతుంటే లోపల ఒకడు కాళ్ళతో తొక్కుతాడు. పెట్టె నిండాక వాడు పైకెక్కి వస్తే, పైనున్న ఇనుప దిమ్మ దిగి దూదిని అణుస్తుంది. తొక్కేవాడు లోపలుంటే దిమ్మ కదలకుండా ఒక గేటు ఉండాలి. దాన్ని ఎప్పుడో తీగెతో కట్టేశారు. దానికి తోడు ఆయిలు కారి కారి, లివరు పైకెత్తి పట్టుకోకపోతే దిమ్మ దానంతట అదే కిందికి జారుతుంది. తిక్కయ్య చెప్పినప్పుడల్లా సావుకారు అనేది ఒకటే మాట: "సీజను కానీప్పా, సూద్దాం."

బిర్ఖాంగ్ తొక్కుతున్నాడు. వీపు మంట నడుం దాకా పాకింది. తలెత్తితే పెట్టె అంచు మీద మధుసూదన్ నిలబడి ఉన్నాడు. వేళ్ళతో కళ్ళు లాగి, 'పైకి రా' అన్నాడు. బిర్ఖాంగ్ అతని కళ్ళలోకి చూస్తూ తొక్కుతూనే ఉన్నాడు. మళ్ళీ అదే సైగ. మళ్ళీ అదే తొక్కుడు.

అవతల లివరు పట్టుకున్న తిక్కయ్య ఇది చూసి, ఖాళీగా ఉన్న చేతిని రొమ్ము మీద నుంచి భుజం వైపు ఎత్తబోయాడు. ఆ కండువా సైగ పూర్తయి ఉంటే బిర్ఖాంగ్ మరుక్షణం పైకొచ్చేవాడు. మధుసూదన్ ఆ చెయ్యి మధ్యలోనే పట్టి మెలితిప్పాడు. ముసలి మణికట్టు పక్కకు ఒరిగింది. తిక్కయ్య నోరు పెద్దగా తెరుచుకుంది, చప్పుడు రాలేదు. ఒక్క తోపుకు ఆయన ప్రెస్సు మెట్ల మీద నుంచి కిందికి దొర్లాడు.

లివరు మీద ఎవరి చెయ్యీ లేదు.

దిమ్మ కదిలింది. పెట్టెలో వెలుతురు తగ్గింది. మధుసూదన్ చేతులు నడుం మీద పెట్టుకుని నవ్వుతూ చూస్తున్నాడు. ఒకసారి కళ్ళు లాగి, 'రా' అన్నాడు, కుక్కను పిలిచినట్టు వేలు ఆడిస్తూ. బిర్ఖాంగ్‌కు నెత్తి మీద గ్రీజు వాసన తగిలింది. ఇంకా తొక్కుతూ నిలబడాలన్న పంతం ఒక పక్క, కాళ్ళ కింద మెత్తగా దిగిపోతున్న దూది ఒక పక్క. చివరికి ప్రాణమే గెలిచింది. గోడకున్న కమ్మీ అందుకుని, దిమ్మకూ అంచుకూ మధ్య ఉన్న సందులోంచి పక్కకు తిరిగి ఈడ్చుకున్నాడు. రొమ్ము వచ్చింది, నడుం వచ్చింది, చివర్లో మడమ ఇరుక్కుంది. గుంజితే చర్మం అక్కడే ఉండిపోయి కాలు వచ్చింది.

బయటపడి మెట్ల కిందికి దొర్లిన బిర్ఖాంగ్ చేతికి అందింది బేళ్ళు లాగే కొక్కెం. దాంతోనే లేచాడు. మొదటి విసురుకు మధుసూదన్ చొక్కా భుజం నుంచి నడుం దాకా చీలింది. రెండో విసురు మెడకు ఎత్తాడు. ఆ చెయ్యి ముందుకు పోకుండా వెనక నుంచి హుసేనమ్మ అతని నడుం రెండు చేతులతో కరిచి పట్టుకుంది. ఆ ఒక్క క్షణం మధుసూదన్‌కు చాలింది. బిర్ఖాంగ్ మెడలో కండువా పట్టి ముడి బిగిసేలా గుంజాడు. కళ్ళ ముందు నల్లగా అయ్యేదాకా బిగించి, ఊడబెరికాడు. తిక్కయ్య అప్పటికి ఎడం చేత్తో పాక్కుంటూ పోయి లివరు పైకెత్తి, దిమ్మను కాస్త లేపి నిలబెట్టాడు. తెరిచి ఉన్న ఆ పెట్టెలోకి మధుసూదన్ పచ్చ కండువాను విసిరేశాడు. పైనుంచి పడుతున్న దూది దాన్ని కప్పేసింది.

అతను కోపంలో మరిచిపోయింది ఒకటుంది. బేలులో రంగు పోగు ఒక్కటి దొరికినా నూలు మిల్లువాళ్ళు ఆ సరుకంతా తిప్పి పంపుతారు. ముక్కుకు ముడివేసిన గుడ్డ తప్ప, ఆడవాళ్ళ తలలో రిబ్బను కూడా గేటు దగ్గరే తీయించే మనిషి, గజం పచ్చబట్టను తన చేత్తోనే వేశాడు.

సరిగ్గా అప్పుడే సావుకారు వెంకటకృష్ణయ్య, కోయంబత్తూరు నూలు మిల్లు నుంచి బేళ్ళు చూసుకోవడానికి వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. వచ్చినాయన నేరుగా ప్రెస్సు దగ్గరికి నడిచి, పెట్టె పక్కనున్న అరచేతి వెడల్పు సందులోంచి లోపలికి తొంగిచూశాడు. చూసి, సావుకారు వైపు తిరిగాడు. తెల్లదూదిలో పచ్చ కొస.

సావుకారు ముఖంలో నెత్తురు లేదు. ఎవరు వేశారన్నట్టు చెయ్యి తిప్పాడు. దూది ఎగదోసే దుర్గప్ప పైపెదవి మీద వేలు పెట్టి మెలేశాడు. పక్కనున్న ఆడవాళ్ళూ మెలేశారు. షెడ్డంతా లేని మీసాలు మెలేసింది. సావుకారు మధుసూదన్‌కు పెట్టె చూపించాడు: దిగు, తియ్యి. వచ్చినాయన ముందు మిషన్లు ఆపి పంచాయతీ పెట్టే మనిషి కాదు ఆయన.

మధుసూదన్ చీలిన చొక్కాతోనే కమ్మీ పట్టుకుని దిగాడు. సగం దిగాక తల తిప్పి లివరు వైపు చూశాడు. తిక్కయ్య చెయ్యి ఉబ్బి గుమ్మడిపిందెలా ఉంది, ఆయన ఇంక నిలబడలేక కూలబడ్డాడు. ఆ లివరును అందుకున్నది బిర్ఖాంగ్. తిక్కయ్య తిండికి పోయినప్పుడల్లా అది పట్టుకునేది అతనే.

మధుసూదన్ కమ్మీ మీద ఆగిపోయాడు. సావుకారు మళ్ళీ చెయ్యి విసిరాడు. దిగక తప్పలేదు.

దూదిలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వాడు. కండువా కొస దొరికింది, మిగతాది మీద పడ్డ దూది బరువు కింద ఇరుక్కుంది. నిలబడి గుంజాలంటే దిమ్మ ఇంకాస్త పైకి పోవాలి. దానికి లివరు దగ్గరున్నవాణ్ణి పిలవాలి. మధుసూదన్ వేళ్ళు అలవాటుగా కళ్ళ కొసలకు పోయాయి. లాగాడు. 'పైకి' అన్నాడు.

బిర్ఖాంగ్ చెయ్యి లివరు మీద నుంచి జారింది. కావాలని వదిలావా, నెత్తురుకు జారిందా అని తర్వాత ఎంతమంది అడిగినా, అతను చెప్పింది ఒకటే మాట: "వదిలినాను."

దిమ్మ పెట్టె అంచు దాకా దిగింది. బయటికి వచ్చే దారి మూసుకుంది.

ఇక సందులోంచి మాత్రమే కనిపిస్తున్నాడు మధుసూదన్. ముందు అతని ముఖంలో కోపమే ఉంది. సందుకు ముఖం ఆనించి, మళ్ళీ అవే వేళ్ళు, అవే కళ్ళు, ఈసారి ఇంకా గట్టిగా, చర్మం తెగేలా లాగాడు. దిమ్మ అతని జుట్టుకు తగిలింది. మెడ వంచాడు. హుసేనమ్మ పరుగెత్తుకొచ్చి సందు ముందు కూలబడి, రొమ్ము మీద నుంచి భుజం మీదికి, రొమ్ము మీద నుంచి భుజం మీదికి చెయ్యి విసురుతూ చూపించింది. 'ఇది సెయ్యి, ఇది సెయ్యిరా' అని ఆమె పెదాలు కదులుతున్నాయి. ఆమె వెనక దుర్గప్ప, ఇంకో నలుగురు. చేతులన్నీ భుజాల మీదికి లేస్తున్నాయి. సావుకారుకు ఇప్పుడు అర్థమైంది. అరుస్తున్నాడు. ఆ షెడ్డులో అది ఎవరికి వినపడుతుంది?

తిక్కయ్య లేచి ఎడం చెయ్యి లివరు మీద వేయబోయాడు. బిర్ఖాంగ్ భుజంతో అడ్డం నిలబడ్డాడు. తిక్కయ్య అతని ముఖంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. ఉరుకుంద ఈరన్న సామికి దండం పెట్టినట్టు ఉబ్బిన చేతిని గుండెకు ఆనించుకున్నాడు.

బిర్ఖాంగ్ సందు వైపు చూశాడు. ఇప్పుడు మధుసూదన్ చెయ్యి రొమ్ము మీద ఉంది. పైకి లేవబోయింది. దిమ్మకు కొట్టుకుని కింద పడింది. మళ్ళీ రొమ్ము మీదికి వచ్చింది. మళ్ళీ కొట్టుకుంది. భుజం మీద ఇనుము కూర్చుంది, మెడ పక్కకు ఒరిగిపోయింది, కళ్ళు ఉబ్బి సన్నగా గీతల్లా అయ్యాయి. చెయ్యి మాత్రం రొమ్మును కొట్టుకుంటూనే ఉంది. మోచెయ్యి ఎత్తడానికి జానెడు చోటు కావాలి. ఆ జానెడు పెట్టెలో లేదు.

బిర్ఖాంగ్ అడిగింది ఆ సైగ ఒక్కటే. అది చేసే చోటు తనే మిగల్చలేదు.

రెండు చేతులతో లివరు ఎత్తాడు. కదల్లేదు. కారిన ఆయిల్లో చేతులు జారాయి. కింద భుజం పెట్టి, తెగిన వీపంతా బిగించి నెట్టాడు. తిక్కయ్య ఎడం చెయ్యి వచ్చి పక్కన పడింది. లివరు కొంచెం లేచి ఆగింది, ఇంకొంచెం లేచింది. దిమ్మ ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమని పైకి పోయింది.

ఎవరో మెయిను ఆపారు. మిషన్లు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మొదట వినపడింది పెట్టెలోంచి మధుసూదన్ మూలుగు. నలుగురు దిగి మోసుకొచ్చారు. కుడి భుజం కీలు ఊడి చెయ్యి వేలాడుతోంది. ఎడం పిడికిట్లో పచ్చ కండువా ఉంది. ఎంత గుంజినా వదల్లేదు, వేళ్ళు ఒక్కొక్కటి విప్పి తియ్యాల్సి వచ్చింది.

"సంపుతాంటివి గదరా వాన్ని!" అన్నాడు సావుకారు.

"అవును సావుకారీ. ఇందాక ఆయప్ప నన్ను సంపుతాన్నప్పుడు మీరు ల్యాకపోతిరి."

బిర్ఖాంగ్ మడమ చూపించాడు. తిక్కయ్య ఉబ్బిన చెయ్యి సావుకారు ముఖం ముందు పెట్టాడు. సావుకారు రెండూ చూసి, వచ్చినాయన వినకుండా గొంతు తగ్గించాడు.

"స్టేషనుకు పోతే ఇద్దరికీ కేసులేరా."

"పోదాం పా సావుకారీ," అన్నాడు తిక్కయ్య. "అందరం పోదాం. తీగె కట్టిన గేటు, ఆయిలు కారే ప్రెస్సు, అవి గూడా వస్తాయి స్టేషనుకు. లారీ మాట్లాడు."

ఎవరూ నవ్వలేదు. సావుకారు మధుసూదన్‌ను కారులో వేయించి ఆదోని ఆసుపత్రికి పంపించాడు. తిక్కయ్యనూ అదే కారులో ఎక్కించారు. ఇద్దరూ వెనక సీట్లో పక్కపక్కనే కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పోయారు.

ప్రెస్సుకు ఆయిలు కారకుండా కొత్త సీలు వేసి, గేటుకు కట్టిన తీగె కోసేసిన తర్వాతే షెడ్డు మళ్ళీ నడిచింది. బిర్ఖాంగ్‌ను ఇప్పుడు అందరూ భుజం మీదికి చెయ్యి విసిరి పిలుస్తున్నారు. అతను చెయ్యి నెత్తిన పెట్టుకుంటున్నాడు. అది అతనికి దక్కింది. కానీ రాత్రుళ్ళు కళ్ళు మూసుకుంటే సందులో రొమ్ము కొట్టుకునే చెయ్యే కనిపిస్తోంది. హుసేనమ్మ అతని పక్కనే పనిచేస్తుంది గానీ, అతను ప్రెస్సు మెట్లెక్కినప్పుడల్లా ఓ చూపు అటే వేసి ఉంచుతుంది.

మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని మధుసూదన్ పనిలోకి వచ్చినరోజు, షెడ్డు అతనికి ఇంకో సైగ సిద్ధం చేసి ఉంచింది. రెండు చేతులూ నెత్తి మీద అడ్డం పెట్టుకుని, మెడ వంచి, మోకాళ్ళ మీద ముడుచుకోవడం. మొదట చేసింది దుర్గప్ప. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. మధుసూదన్ చూశాడు. చూసి, బేళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. పిలిచినా చెయ్యి నెత్తి మీదికి పోలేదు.

ఒక బేలుకు పట్టీ సరిగా పడలేదు. దుర్గప్ప బిర్ఖాంగ్ వైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ, మెడ వంచి ముడుచుకుని చూపించాడు, 'వాన్ని పిలు' అని.

బిర్ఖాంగ్ చేతిలో పని కింద పెట్టాడు. మడమ ఇంకా నొప్పే, కుంటుకుంటూ మధుసూదన్ ఎదురుగా పోయి నిలబడ్డాడు. షెడ్డంతా చూస్తోంది. మధుసూదన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

మీసం సరిగా మొలవని తన పైపెదవి పక్కన బిర్ఖాంగ్ రెండు వేళ్ళు పెట్టి, మెలేశాడు. తర్వాత ప్రెస్సు వైపు చూపించాడు.

మధుసూదన్ ఆ వేళ్ళ వైపు చూశాడు. ఆ తర్వాత అతని ఎడం చెయ్యి మెల్లగా లేచి నెత్తి మీద ఆగింది.